మాల లేని పూట

పాలు పితికి లోపలికొచ్చిన సోయరాకి దేవుడి గూడు పక్కన మేకుకి వేలాడుతున్న తులసిమాల కనిపించింది. తనదేమోనని ముందు మెడ తడుముకుంది. తనది మెడలోనే ఉంది. అంటే అది మొగుడిది. చెంబులో పాలు తొణికి చీర మీద పడ్డాయి, ఆమె చూసుకోలేదు.

నివృత్తి మెడలోకి ఆ మాల వచ్చి పదేళ్లు దాటింది. స్నానానికి తియ్యడు, నిద్రలో తియ్యడు. ఒకసారి కరమాళా నుంచి వస్తుంటే బస్సులో ఎవరి సంచి కొక్కెమో తగిలి దారం తెగింది. పూసలు సీట్ల కిందికి దొర్లిపోయాయి. మాల వేసుకున్నవాడు అది మెడలో లేకుండా మంచినీళ్లు కూడా ముట్టడు. జనం కాళ్ల సందుల్లో పాకి పూసలన్నీ ఏరుకుని, ఆ ఎండలో ఇల్లు చేరి, దారానికి గుచ్చి వేసుకున్నాకే గుక్కెడు నీళ్లు తాగాడు. అదేదో ఘనకార్యమని ఎవరికీ చెప్పుకోనూ లేదు. అలాంటివాడు ఇవాళ తనంతట తానే తల మీదుగా తీసి మేకుకి తగిలించి వెళ్లాడు. దారం చూసింది. గట్టిగానే ఉంది.

మాల వేసుకున్నవాళ్లు మాంసం తినకూడదు, మందు తాగకూడదు, అబద్ధం ఆడకూడదు, ఒకరి మీద చెయ్యెత్తకూడదు. వీటిలో ఏ పని మీద వెళ్లాడో సోయరా బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిన అవసరం లేకపోయింది. తలుపు వెనక పార ఉంది. పారకి ఉండాల్సిన కర్ర లేదు.

కర్ర ఎవరి కోసమో కూడా ఆమెకి తెలుసు. మరిది గోరఖ్ కోసం.

అన్నదమ్ములిద్దరికీ తండ్రి ఇచ్చిన బావి ఒకటే, మోటారు ఒకటే. ఒక వారం అన్న పొలానికి, ఒక వారం తమ్ముడి పొలానికి నీళ్లు. అన్నకి ఉల్లి, తమ్ముడికి చెరకు. ఆషాఢంలో నివృత్తి, సోయరా ఏటా వెళ్లినట్టే దిండితో, భజన చేస్తూ నడిచే యాత్రికుల గుంపుతో, కలిసి పండరిపురానికి నడిచి వెళ్లారు. వెళ్లేముందు ఉల్లి నారు కాస్త తడుపుతూ ఉండమని గోరఖ్‌కి చెప్పారు. తిరిగొచ్చేసరికి చెరకు ఏపుగా ఉంది, నారుమడి గడ్డి రంగుకి తిరిగింది. నివృత్తి గొడవ పడలేదు. దారి పొడవునా మొక్కడం అలవాటైన ప్రాణం కదా, "పోనీలే మావులీ" అని తమ్ముడి కాళ్లకి మొక్కాడు. దిండిలో అందరూ అందరికీ మావులీలే, అందరూ అందరి తల్లులే. గోరఖ్ మాత్రం ఆ దండాన్ని దస్తావేజు కింద లెక్క వేసుకున్నాడు. శ్రావణంలో వాన మొహం చాటేసింది. అన్న వంతు వారం కూడా మోటారు తమ్ముడి చెరకులోకే పోయింది.

రెండోసారి పోసిన నారు కూడా ఎండిపోయిన సంగతి నిన్న పిండిమర దగ్గర ఎవరో కదిలించారు. గోరఖ్ పదిమంది ముందూ తొడ చరిచి మరీ అన్నాడు, "మా అన్నకి మాల ఉంది, నాకు మోటారుంది. ఎవరి దాహం వాళ్లం తీర్చుకుంటున్నాం." అందరూ నవ్వారు. నివృత్తి కూడా నవ్వాడు. జొన్నపిండి సంచి భుజాన వేసుకుని ఇంటికొచ్చి, ఆ ముక్క సోయరాకి కూడా నవ్వుతూనే చెప్పాడు. సాయంత్రం ఎప్పటిలాగే భజన చేశాడు, గొంతులో జీర కూడా లేదు. సోయరా నమ్మేసింది. అక్కడే మోసపోయానని ఇప్పుడు అర్థమైంది.

మాల రాకముందు నివృత్తి చెయ్యి ఎలాంటిదో ఊరికి కొంత తెలుసు, సోయరా ఒంటికి పూర్తిగా తెలుసు. ఆమె ఎడమ మణికట్టు అతని చేతిలోనే విరిగింది. కట్టు కట్టినవాడు తిన్నగా కట్టలేదో, ఎముకే మొండికేసిందో, వంకరగా అతుక్కుంది. దిండిలో తాళాలు వాయిస్తే రెండు బిళ్లలూ బల్లపరుపుగా కలవవు, ఒకదాని అంచు మీద ఒకటి పడి గరుకుగా మోగుతాయి. ఆ చెయ్యి విరిగిన ఏడాదే నివృత్తి మేనమామ ఊరు వెళ్లి కీర్తన విని, మాల వేయించుకుని వచ్చాడు. ఆ తర్వాత ఇంట్లో అరుపు వినపడలేదు. మనిషి నిజంగానే మారాడు, ఇందులో నటన లేదు. కుక్కని అదిలించడానికి కూడా గొంతు పెంచడు. సోయరా కూడా మాల వేయించుకుంది. ఆ ఇంటి గోడల మధ్య దొరికిన ప్రశాంతతకి ఆమె రోజూ విఠలుడికి దండం పెట్టుకునేది.

ఇప్పుడు ఆ మాల మేకెక్కింది. మాల మేకెక్కితే పాత మనిషి కిందికి దిగుతాడు. ఇవాళ తమ్ముడితో మొదలై రేపు ఎవరితో ఆగుతుందో సోయరాకి ఎవరూ చెప్పక్కర్లేదు.  మాల తీసి కొంగున ముడేసుకుంది, రాగి చెంబు నిండా నీళ్లు ముంచుకుని బావి దారి పట్టింది. ఈ వారం కరెంటు పగటి పూట. పదింటికి వస్తుంది. పదింటికి గోరఖ్ మోటారు వెయ్యడానికి వస్తాడు.

వాగు దాటుతుండగా తోడికోడలు శాలన్ గడ్డిమోపుతో ఎదురైంది.

"ఏంటక్కా, పండరి వెళ్లొచ్చినా ఇంకా నడక తీరలేదా? ఆ పరుగేంటి?"

"గోరఖ్ ఎక్కడున్నాడే?"

"బండి టైరుకి గాలి లేదని బస్టాండు దగ్గరికి వెళ్లాడు. అటునుంచటే బావికి వస్తానన్నాడు. ఎందుకు?"

రానివ్వకు అని చెప్పాలి. నోటి దాకా వచ్చింది. చెబితే ఎందుకని అడుగుతుంది. మా ఆయన మాల తీసేశాడని చెప్పాలి. ఆ మాట మధ్యాహ్నానికి పిండిమరకీ, సాయంత్రానికి దిండి పెద్దకీ చేరుతుంది. సోయరా ఆ మాట మింగేసింది.

"ఏం లేదులే, ఉల్లి సంగతి మాట్లాడాలి," అని నడక పెంచింది. పరువు కోసం మింగిన ఆ మాటకి ఒక మనిషి కాలో చెయ్యో పోతుందేమోనని తెలుస్తూనే ఉంది. అయినా వెనక్కి తిరగలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

నివృత్తి మోటారు గది గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉన్నాడు. పార కర్ర మోకాళ్ల మీద ఉంది. మెడ చుట్టూ, ఇన్నేళ్లుగా మాల ఉన్నచోట, చర్మం తెల్లగా గీత గీసినట్టుంది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పొద్దున లేచింది మొదలు గుక్క నీళ్లు తాగలేదని పెదాలే చెబుతున్నాయి.

కొంగు ముడి చూసి తనే అన్నాడు. "తెచ్చావా? తీసుకెళ్లి అక్కడే తగిలించు. సాయంత్రం స్నానం చేసి వేసుకుంటా."

"సాయంత్రానికి మీరు పోలీసు స్టేషన్లో ఉంటారు. అక్కడ స్నానానికి నీళ్లు కాచి పోస్తామన్నారా?"

"చంపుతానా ఏంటి? ఒక్క కాలు. బండి కిక్ కొట్టే కాలు. అంతే."

"అంతేనా. పాపం, ఎంత తక్కువలో సరిపెట్టుకుంటున్నారు."

"వెటకారం వద్దు. నేను ఆలోచించే చేస్తున్నా. మెడలో మాల పెట్టుకుని చెయ్యెత్తితే మాలకి తప్పు. అందుకే తీశా. పొద్దున్నే దేవుడి ముందు నిలబడి చెప్పే తీశా. ఈ ఒక్క పూట నన్ను వదిలెయ్యి, రేపట్నుంచి మళ్లీ నీ వాణ్నే అని."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు. ఇటుక మీద నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు."

నివృత్తి నిజాయితీ అలాంటిది. తప్పు చేసేటప్పుడు కూడా పద్ధతి తప్పడు. గుమాస్తా పైఅధికారికి సెలవు చీటీ పెట్టుకున్నట్టు విఠలుడికి చీటీ పెట్టుకుని తమ్ముడి కాలు విరగ్గొట్టడానికి వచ్చి కూర్చున్నాడు. అందులో తప్పు ఎక్కడుందో కూడా అతనికి తోచడం లేదు.

సోయరా చెంబు కింద పెట్టింది, కొంగు ముడి విప్పి మాల చాపింది.

"వేసుకుని నీళ్లు తాగండి. గోరఖ్‌తో నేను మాట్లాడతా. పంచాయతీకి వెళదాం, అది కాకపోతే తహశీలు ఆఫీసుకి వెళదాం. ఉల్లి పోతే పోయింది."

"ఉల్లి గురించి కాదు."

"తెలుసు. పిండిమర గురించి."

"పదిమంది నవ్వారు సోయరా. నా మాలని చూసి నవ్వారు. చేతకానివాడు వేసుకునే పూసలు అన్నట్టు నవ్వారు. అది వేసుకోవడానికి నేనేం వదులుకున్నానో వాళ్లకి తెలుసా? దారి పొడవునా నాలో ఒక్క రవ్వ కోపం లేదు. ఎవడు తొక్కినా, ఎవడు తోసినా, నవ్వొచ్చేది. మనసు తేలిపోతున్నట్టుండేది. ఇంటికొచ్చి నెలన్నర కాలేదు. బావి చూస్తే కళ్లు మండుతున్నాయి. ఇది లోపల పెట్టుకుని భజన ఎలా చెయ్యను? ఒక్కసారి బయటికి పోనిస్తే పీడ విరగడవుతుంది. మళ్లీ శాంతంగా ఉంటా."

అతను ప్రతి మాటా మనసులోంచే అంటున్నాడు. అందుకే సోయరాకి ఇంకా భయమేసింది. ఆ భయం వెనకే, ఆమె ఊహించని చోటునుంచి, కోపం వచ్చింది. ఇంత తేలికా ఇది? తల మీదుగా తీస్తే అయిపోయే పనా? ఇన్నేళ్లూ పక్కన నిశ్చింతగా నిద్రపోయింది ఈ దారాన్ని నమ్ముకునా? రాత్రి పొద్దుపోయి ఇంటికొస్తున్న అతని చెప్పుల చప్పుడు విని ఉలిక్కిపడటం మానేసింది ఈ మేకుని నమ్ముకునా?

దానికి తోడు ఇంకో సంగతి తట్టింది. తన మెడలోనూ ఒకటుంది. అది ఇన్నేళ్లుగా ఏం ఆపుతోంది?

చాపిన మాలని అతని పక్కన గడప మీద పెట్టింది. రెండు చేతులూ మెడ వెనక్కి పోనిచ్చి తన మాల తల మీదుగా తీసింది. దాన్ని కూడా దాని పక్కనే పెట్టింది. వెళ్లి ఎదురుగా నీళ్లతొట్టి గట్టు మీద కూర్చుంది.

"ఏం చేస్తున్నావ్?"

"నేనూ సెలవు పెట్టా."

"పిచ్చెక్కిందా నీకు? తియ్యకూడదు. వేసుకో."

"నివృత్తీ," అంది.

పెళ్లయి ఇన్నేళ్లలో ఆమె నోట అతని పేరు రాలేదు. ఊళ్లో ఎవరి పెళ్లాం నోటా మొగుడి పేరు రాదు. అతను పేరు తనదో కాదో అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

"మాల ఉంటే కోపం తప్పు, తీస్తే ఒప్పు. నువ్వు చెప్పిందే కదా. అయితే నా దగ్గరా ఒక కోపముంది, చాలా పాతది. నీది మొన్నటి వారంది. బావి దగ్గర వంతు ప్రకారమే జరగాలంటావు కదా నువ్వు. ముందు నా వంతు."

ఆమె ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉంది. నివృత్తి దాన్ని చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"అది ఇప్పుడెందుకు?"

"మరెప్పుడు? నువ్వు మంచివాడివయ్యాక అడగాలంటే నాకే నామోషీగా ఉండేది. మారిన మనిషిని పట్టుకుని పాతవి తవ్వుతానా అనుకున్నా. నా మాల నా నోరు నొక్కింది. నీ మాల నిన్ను ఆ ఊసు రాకుండా కాపాడింది. ఇద్దరం కలిసి దాన్ని ప్రశాంతత అనుకున్నాం."

వాగు అవతల బండి చప్పుడు వినిపించింది. నివృత్తి చెయ్యి కర్ర మీద బిగుసుకుంది. లేచి నిలబడ్డాడు. సోయరా కూడా లేచి అతనికీ దారికీ మధ్యకి వచ్చింది.

"వాడి కాలు విరగ్గొట్టాలంటే విరగ్గొట్టు. నేను ఆపను. ముందు నాది తేల్చు."

"అడ్డు లే."

"లేవను. కావాలంటే కుడి చెయ్యి కూడా ఉంది, తీసుకో."

 కర్ర పైకి లేస్తుందనే అనుకుంది. కళ్లు మాత్రం మూసుకోలేదు. అతని దవడ ఎముక కదలడం చూసింది, మెడ మీది తెల్లటి గీత చెమటతో మెరవడం చూసింది. ఆ పాత మనిషి అక్కడే, చేతికందే దూరంలో ఉన్నాడు. ఆమె గుర్తుపట్టింది. మాల కింద అతను ఎక్కడికీ వెళ్లలేదు.

గోరఖ్ బండి స్టాండు వేసి, తాళం చెవి వేలికి తిప్పుకుంటూ వచ్చాడు. "ఏంటన్నా, పొద్దున్నే వదిన చేత భజన పెట్టించావా? నాకు ప్రసాదం ఏమైనా..." అంటూ దగ్గరికొచ్చాడు. వదిన మెడ చూశాడు. అన్న మెడ చూశాడు. కర్ర చూశాడు. తాళం చెవి తిరగడం ఆగిపోయింది. చిన్నప్పటి నుంచీ ఆ చేతిని ఎరిగినవాడు కాబట్టి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎక్కడికీ పోకు గోరఖ్," అంది సోయరా, వెనక్కి తిరక్కుండానే. "మీ అన్న నీ కాలు విరగ్గొట్టడానికి వచ్చాడు. నీ వంతు తర్వాత. అక్కడ కూర్చో."

గోరఖ్ నిజంగానే కూర్చున్నాడు. ఎక్కడ కూర్చున్నాడో చూసుకోలేదు, బురదలోనే కూర్చున్నాడు.

"దారిలో కనిపించిన ప్రతివాడి కాళ్లకీ మొక్కావు," అంది నివృత్తితో. "నీళ్ల ట్యాంకరు డ్రైవరు ముసలమ్మని బూతులు తిడితే వాడి కాళ్లకి కూడా మొక్కావు. మావులీ మావులీ అని. నేను నీ పక్కనే తాళం వేస్తూ నడిచా. గరుకుగా మోగేది. పక్కవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. ఒక్క రోజు, ఒక్క మజిలీలో, ఈ తాళం ఎందుకిలా మోగుతోంది అని నువ్వు అడిగావా? ఊళ్లో వాళ్లందరూ నీకు తల్లులే. నేను నీకు ఏమవుతాను?"

కర్ర కొన నేలకి ఆనింది.  నివృత్తి దాన్ని గోడకి ఆనించి, ముందుకొచ్చి, ఆమె కాళ్ల దగ్గరికి వంగాడు. దారిలో వంగినట్టే, అలవాటైన నడుము కదా, చాలా సులువుగా వంగింది.

సోయరా కాళ్లు వెనక్కి లాక్కుంది.

"ఆ దండం నాకొద్దు. వేలమందికి పెట్టినదే నాకూ పెట్టి చేతులు దులుపుకోకు. కూర్చుని విను."

వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. ఆ ఒక్క విద్యే నేర్చుకుని ఇన్నేళ్లు బతికినవాడు, అది పనికిరాదంటే ఇంకేం చేస్తాడు. నెమ్మదిగా నేల మీద చతికిలబడ్డాడు.

గోరఖ్ గొంతు సవరించుకున్నాడు. కాలు విరగ్గొడతానని వచ్చిన అన్న తరఫునే మాట్లాడబోతున్నానని అతనికి కూడా తోచి ఉండదు. "వదినా, అప్పటి రోజులు వేరు. అన్న తాగేవాడు కదా. తాగిన మైకంలో ఏం చేశాడో తనకే తెలీదు. ఆ రోజు నేను గుమ్మంలోనే ఉన్నా, అన్న ఒళ్లు తెలియకుండా..."

"తాగలేదు," అన్నాడు నివృత్తి.

ఇద్దరూ అతని వైపు చూశారు.

"ఆ రోజు తాగలేదు. చుక్క కూడా ముట్టలేదు." అతను నేల చూస్తూ మాట్లాడుతున్నాడు. గొంతు ఎండిపోయి మాట ముక్కలుగా వస్తోంది. "రొట్టె మాడిందని చెయ్యి పట్టుకున్నా. నువ్వు వదలమన్నావు. వదలొచ్చు. వదలాలనీ తెలుసు. ఇంకా తిప్పితే ఏమవుతుందో చూద్దామని తిప్పా. చప్పుడు వినపడేదాకా తిప్పా. తర్వాత ఊరంతా తాగాడు పాపం అంది. మా అమ్మా అంది. నువ్వూ అన్నావు. సరేలెమ్మని ఊరుకున్నా. కీర్తన చెప్పిన బువా కూడా, ఇకనుంచి మందు ముట్టనని ఒట్టు పెట్టించుకుని మాల వేశాడు. మందు మానడం నాకేం కష్టం కాలేదు. మానాల్సింది అది కాదు."

సోయరా తొట్టి గట్టు మీద కూర్చుంది. కూర్చుందో, కాళ్లే కూర్చోబెట్టాయో. ఇన్నేళ్లూ మందుని తిట్టుకుంది, సీసాని తిట్టుకుంది, అమ్మినవాణ్ని శపించింది. ఆ మంట అంతా ఇప్పుడు సరైన మనిషి వైపు తిరిగింది. ఏడుపొచ్చింది. ఏడ్చింది, కొంగు అడ్డం పెట్టుకోకుండా, మరిది చూస్తున్నాడన్న సిగ్గు లేకుండా. అతను అబద్ధం కింద దాక్కుని ఉంటే తను అతన్ని క్షమించానని ఎలా అనుకుంది? ఎవరిని క్షమించింది? ఆ కోపంలోనే, ఎందుకో తెలియదు గానీ, గుండె మీదినుంచి ఎవరో చెయ్యి తీసినట్టు ఊపిరి నిండా ఆడింది. మొదటిసారి ఈ మనిషి తనకి ఒక నిజం చెప్పాడు. మాల లేకుండా చెప్పాడు.

మోటారు గదిలో స్టార్టరు మీద ఎర్ర దీపం వెలిగింది. కరెంటు వచ్చింది. గోరఖ్ అలవాటు కొద్దీ లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఈ వారం ఎవరి వంతో అడగలేదు.

ఎండ మోటారు గది మీదుగా దిగి తొట్టి దాకా వచ్చింది. ముగ్గురిలో ఇద్దరు పొద్దుటి నుంచీ నీళ్లు ముట్టలేదు. చెంబు నిండా నీళ్లు గడప పక్కనే ఉన్నాయి, రెండు మాలలూ వాటి పక్కనే ఉన్నాయి. నివృత్తి ఆమె మాల అందుకుని రెండు చేతులతో చాపాడు.

"వేసుకో. నీళ్లు తాగు. నీ పెదాలు పగులుతున్నాయి."

"నువ్వు వేసుకుని తాగు," అంది సోయరా. "నాకింకా అయిపోలేదు. ఆ చెయ్యి ఒక్కటే కాదు. దానికి ముందువి ఉన్నాయి. తర్వాత కట్టు కట్టించుకోవడానికి నేను ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్లిన రోజుంది. అన్నీ చెప్పాలి."

నివృత్తి మాల వేసుకోలేదు. నీళ్లూ తాగలేదు. ఆమె మాలని తన ఒళ్లో పెట్టుకుని, ఎండ తన వీపు మీద పడేటట్టు, నీడ ఆమె మీద పడేటట్టు జరిగి కూర్చున్నాడు. కర్ర గోడకే ఉంది. దాని వైపు చూడలేదు.

"చెప్పు," అన్నాడు. "మొదట్నుంచీ చెప్పు."

సోయరా ముక్కు చీదుకుని, పెళ్లయిన ఏడాది మొదటి దెబ్బ దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.